దానిమ్మగుట్ట తలపైడమ్మ: నెత్తికెక్కని కిరీటం కథ

గోతులపాడు స్టేజీ దగ్గర బస్సు దిగి ఎర్రవాగు మీది చప్టా దాటగానే ఎదురుగా కనిపించేదే దానిమ్మగుట్ట. గుట్ట మీద వెతికినా ఒక్క దానిమ్మ చెట్టు లేదు. వాన వెలిసిన పూట వాగు ఇసుకను దోసిట్లోకి తీసుకుంటే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ఒలిచిన గింజల్లా ఎర్రెర్రని రాళ్ళు చేతిలో మెరుస్తాయి. ఈ ప్రాంతం వాళ్ళు వాటిని దానిమ్మరాళ్ళు అంటారు.

నూట పన్నెండు మెట్లు ఎక్కితే తలపైడమ్మ తల్లి గుడి. అమ్మవారు స్వయంభువు. రొమ్మెత్తు గద్దె మీద మూరెడు నల్లరాయి. ముక్కు లేదు, చెవులు లేవు, రెండు వెండి కళ్ళు మాత్రం ఉన్నాయి. నెత్తి బోడిగానే ఉంటుంది. ఆ నెత్తికి జానెడు పైన, దూలం నుంచి దిగిన నాలుగు బంగారు గొలుసుల మీద, కిరీటం వేలాడుతూ ఉంటుంది. దాని అంచుకు పందొమ్మిది ఎర్రరాళ్ళు చుక్కలుగా జారి ఉంటాయి.

కొత్తగా వచ్చినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, కిరీటం అభిషేకానికి తీశారా? మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అర్చకులు నవ్వి చెప్పే జవాబూ ఒకటే: "పెట్టమమ్మా. పెడితే పడిపోతది."

ఇక్కడ శఠగోపం లేదు. భక్తులే ఒక్కొక్కరుగా వచ్చి గద్దెకు తల ఆనిస్తారు. అప్పుడు కిరీటం అమ్మ తలమీదా ఉంటుంది, మన తలమీదా ఉంటుంది. ఆడ, మగ, ఈ కులం, ఆ కులం, బాలింత, ముట్టు అనే పట్టింపు ఈ గద్దె దగ్గర లేదు. ఎందుకు లేదని అడిగేవారికి ఈ స్థల పురాణమే జవాబు. అడగనివారు కూడా చదవవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లు లేవు. వాగు ఒడ్డున ఇసుకలో గోతులు తవ్వి, ఆ ఇసుకను చేటల్లో కడిగి, రాళ్ళు ఏరే జనం ఉండేవారు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళు కడిగేవారు. ఏరిన రాళ్ళు, సరుకు మోసే పెరికెల ఎద్దుల మీద తూర్పు రేవుకు, అక్కడి నుంచి ఓడల మీద పడమటి దేశాలకు వెళ్ళేవి. తాము కడిగిన రాయి చివరికి ఎవరి మెడలో పడుతుందో ఆ కడిగిన తల్లులకు తెలియదు.

చాలా క్షేత్రాల్లో దేవుణ్ణి పశువుల కాపరి కనుగొంటాడు. ఇక్కడ కనుగొన్నది రాళ్ళు కడిగే ఆడవాళ్ళు. ఒక ఏడు వాగు పొంగి గట్టు తెగి, గోతులన్నీ పూడి, గుట్ట పాదం దగ్గర ఒక్క నల్లరాయి మాత్రం కదలకుండా నిలిచింది. వాళ్ళు దాన్ని కడిగి, పసుపు రాసి, గుట్ట మీదికి మోసుకెళ్ళారు. పూజకు ఈదమ్మ అనే శివసత్తు, అంటే దేవుడికి అంకితమైన ఆడమనిషి, కుదిరింది. ఆ ప్రాంతాన్ని ఏలే ప్రోలనాయకుడు నాలుగు స్తంభాలు, ఒక దూలం వేయించి పైన కప్పు కట్టించాడు. చేసిన మేలు చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాం.

కొంతకాలానికి ప్రోలనాయకుడికి ఒక కల వచ్చింది. ఎర్రచీర కట్టిన ముత్తయిదువ ఎదుట నిలబడి, "నా తలమీద పైడి ఏదిరా?" అని అడిగిందట. పైడి అంటే బంగారం. నాయకుడు ఉలిక్కిపడి లేచి, తెల్లవారగానే ఊరందరికీ చాటింపు వేయించాడు. అమ్మవారికి కిరీటం కావాలి!

బంగారం ఎవరిచ్చారు? నాయకుడు మాత్రం కాదు. రాళ్ళు కడిగే పందొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళు తమ చెవుల కమ్మల్లోంచి, ముక్కుపుడకల్లోంచి ఇచ్చారు. పని ఊరి ఔసలి బైరోజు చేతికి వచ్చింది. ఔసలి అంటే బంగారు పనివాడు. తాతల నాడు రాజేసిన కుంపటి ఆయన ఇంట్లో ఒక్కనాడూ ఆరలేదు. పని లేని రోజున కూడా నివురు కింద నిప్పు కాపాడేవారు. కుంపటి ఆరిన ఔసలికి ఏ ఊళ్ళోనూ పని ఇవ్వరాదని ఆనాటి కట్టు.

మొదటి ఏడు మాఘ పున్నమి ఉదయం కిరీటం అమ్మవారి నెత్తిన పెట్టారు. డప్పులు మోగాయి. మూడో దెబ్బకు కిరీటం జారి, దొర్లి, ఈదమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. జనం నోళ్ళు నొక్కుకున్నారు. రెండో ఏడు బైరోజు దాన్ని కరిగించి, చుట్టు పెంచి, బరువు కిందికి దిగేలా మళ్ళీ చేశాడు. ఈసారి అది ప్రోలనాయకుడి కాలి బొటనవేలి మీద పడింది. అమ్మకు కోపం వచ్చిందన్నారు గాని, నిజానికి కోపం వచ్చింది నాయకుడికి.

లక్కతో అతికించవచ్చు కదా, తాడుతో కట్టవచ్చు కదా అని ఇప్పటి భక్తులు అడుగుతారు. స్వయంభువును కట్టకూడదు, అతికించకూడదు, ఉలి ముట్టించకూడదు. అది అమ్మను వాగులోంచి తెచ్చిన నాడే ఆడవాళ్ళు పెట్టుకున్న నియమం.

ఇక ఊళ్ళో మాట పుట్టింది.

"అమ్మ బంగారంల గూడ ఆవగింజంత తీసిండట బైరోజు. అందుకే అమ్మ ఇదిలించి కొట్టింది."

బైరోజు కిరీటాన్ని పదిమందిలో గీటురాయి మీద గీసి చూపించాడు. గీత పచ్చగా, నిఖార్సుగా పడింది. అయినా ఒకడు అన్నాడు, "గీటురాయి గూడ ఔసలోల్లదే గదా!" అందరూ నవ్వారు.

రెండేళ్ళలో ఒక్కరైనా అమ్మవారి రాతి నెత్తి వంక చూశారా? అది ఏటవాలుగా, తడిసిన చింతగింజలా నున్నగా ఉంటుంది. ఇప్పటికీ చూడవచ్చు. కాని ఎవరూ చూడలేదు. అందరూ ఔసలి చేతి వంకే చూశారు. నింద వేయడానికి మనిషి దొరికినప్పుడు రాయి వంక ఎవరు చూస్తారు?

ప్రోలనాయకుడు తీర్పు చెప్పాడు. "మూడోసారి చూస్తం. ఈసారి పడిందంటే నీ కుంపటి మీద కుండెడు నీళ్ళు పోయిస్త. పొద్దుగూకేలోపు ఊరు దాటాలె."

అప్పటికే ఊదుగొట్టం పొగకు, దిగులుకు బైరోజు చూపు పోయింది. ఆయనకున్నది ఒక్కతే కూతురు, ముప్పమ. తల్లి లేని పిల్ల. తండ్రి పక్కన కూర్చుని తీగ లాగడం, రేకు కొట్టడం, గొలుసు అల్లడం నేర్చింది. మూడో కిరీటం ఆమె చేతిమీద పడింది. "ఆడపిల్ల చేసినదాన్ని అమ్మ ముట్టుతదా?" అని గొణిగినవాళ్ళు ఉన్నారు. ఈదమ్మ గద్దె దగ్గరి నుంచే అరిచింది: "అమ్మ మాత్రం ఏందిరా, మగోడా?"

బైరోజు మాత్రం లోలోపల కుంగిపోయాడు. "బిడ్డా, అమ్మ నా బంగారం వద్దంటున్నదా, నా చెయ్యి వద్దంటున్నదా?" అని రోజూ అడిగేవాడు. పండుగకు ఇరవై రోజులే ఉన్నాయి.

అప్పుడు వచ్చాడు పరదేశి.

రేవు నుంచి ఖాళీ ఎద్దులతో తిరిగి వస్తున్న పెరికెల బారు వెంట నడిచి వచ్చాడు. పసుపుపచ్చని గడ్డం, ఎండకు కమిలిన ముఖం, భుజాన తోలుసంచి. తన దేశానికి వచ్చే ఎర్రరాళ్ళు ఎక్కడ పుడతాయో చూడాలని రాయి వచ్చిన దారినే వెనక్కి నడుచుకుంటూ వచ్చినవాడు. దారిలో పెరికెల దగ్గర ఒక ముప్పై తెలుగు మాటలు నేర్చాడు. ఆ ముప్పైతోనే ఈ కథంతా జరిగింది.

ఊరి పొలిమేర దగ్గర కావలివాళ్ళు ఆపారు.

"ఎవరయ్యా నువ్వు? ఎక్కడ దిగినవ్?"

పరదేశి గుండె మీద చెయ్యి వేసుకుని తన పేరు చెప్పాడు. "గుడిలా."

"గుడిలనా? గుడిల దిగినవా? ఎవరు దింపిన్రు?"

"గుడిలా! గుడిలా!" అన్నాడతడు, మాట అర్థమైందన్న సంతోషంతో.

కావలివాళ్ళు మొహాలు చూసుకున్నారు. గుడిలో దిగినవాడు అమ్మ చుట్టం. చుట్టాన్ని ఆపితే అమ్మ ఊరుకుంటుందా? అయినా ఒకడు వదల్లేదు. "సరే గని, మీ జనం ఎవరు?"

"విసిగోతు," అన్నాడు గుడిలా.

"ఇసుకగోతా!" కావలివాడి ముఖం చేటంత అయింది. "ఇసుకగోతులోల్లమే మేము గూడ! ఒరే, మనోడేరా! ఎండకు జుట్టు మాడి పచ్చగైనట్టుంది, పాపం."

పడమటి సముద్రాల అవతల విసిగోతులనే జాతి ఉందని, బంగారు పనిలో అందెవేసిన చేయి వాళ్ళదని చదువుకున్నవారు చెబుతారు. మా పెద్దలకు అదేమీ తెలియదు. ఇసుకలో గోతులు తవ్వేవాడు ఇసుకలో గోతులు తవ్వేవాడికి చుట్టమని మాత్రం తెలుసు. అలా గుడిలా గుడిలో దిగాడు. ఈదమ్మ జొన్నరొట్టె, పచ్చిమిరియాల తొక్కు పెట్టింది. అతడు తొక్కునంతా ఒక్క ముద్దలో మింగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "బాగు, బాగు" అన్నాడు. "ముక్కు గూడ దానిమ్మరాయి అయింది నాయినా నీకు," అని ఈదమ్మ మజ్జిగ ముంత అందించింది.

మర్నాడు సుత్తి చప్పుడు విని అతడు బైరోజు ఇంటి అరుగు మీదికి వచ్చాడు. ముప్పమ రేకు కొడుతోంది. అతడు కాసేపు ఆమె చేతినే చూసి, భుజం దగ్గర ఉత్తరీయాన్ని పట్టి ఉంచిన బిళ్ళను విప్పి ఆమె ముందు పెట్టాడు.

అది రెక్కలు విప్పిన గద్ద. ఒళ్ళంతా చిన్న చిన్న బంగారు గదులు. ప్రతి గదిలోనూ గోరంత మందాన కోసిన ఎర్రరాయి. ముప్పమ దాన్ని వెలుతురుకు తిప్పింది. రాయి లోపల నిప్పు రాజుకున్నట్టయింది.

"నాయినా, ఇది మన వాగు రాయే!" అంది ముప్పమ. "కని, రాయిని పొట్లకాయ తరిగినట్టు తరిగిన్రు!"

బైరోజు చేయి చాచాడు. చూపులేని ఆయన వేళ్ళు ఆ గదుల గోడల మీద చీమల్లా నడిచాయి. "తేనెపట్టు లెక్క ఉన్నది బిడ్డా," అన్నాడు. "గోడ బంగారం, తేనె రాయి. రాయి కింద ఏదో ఉన్నది, అడుగు. లేకపోతే ఇంత పలుచని రాయి నువ్వు చెప్పినట్టు మండదు."

గుడిలా సంచిలోంచి ఈగ రెక్కంత పలుచని బంగారు రేకు తీశాడు. దాని మీద సన్నని గళ్ళు ఒత్తి ఉన్నాయి. రాయి కింద ఆ రేకు పరిస్తే, లోపలికి వెళ్ళిన వెలుగు ప్రతి గడిలోనూ తగిలి తిరిగి వస్తుంది. మన పనివాళ్ళు అంతవరకు రాయిని గుండ్రంగా సానపెట్టి కుదురులో కూర్చోబెట్టేవారే గాని, గోడలు కట్టి రాయిచేత కాపురం పెట్టించింది లేదు. ముప్పమ కళ్ళు మెరిశాయి. రెండేళ్ళలో మొదటిసారి ఆ అరుగు మీద నవ్వు వినిపించిందని చెబుతారు.

ఆమె తన కష్టం చెప్పుకుంది. పడిపోయిన కిరీటాన్ని చూపించింది, దొర్లించి చూపించింది, కుంపటిని చూపించి నీళ్ళు పోసినట్టు చేసింది. చివరకు మాటలు ఏరి ఏరి చెప్పింది. "అన్నా, పైడి అమ్మ తలమీద ఉండాలె. పడొద్దు."

"తలమీద," అన్నాడు గుడిలా. "పడొద్దు." ఎంతో తెలిసిన విషయం విన్నట్టు తలూపాడు.

పొరపాటు సరిగ్గా ఇక్కడ జరిగింది. అది తెలుగులో మాత్రమే జరగగలిగిన పొరపాటు. మనకు తలమీద టోపీ ఉంటుంది. తలమీద ఆకాశమూ ఉంటుంది. రెండింటికీ ఒకటే మాట. గుడిలా దేశంలో రాజులు దేవుడికి కిరీటం చేయిస్తారు. కాని అది ఎవరూ పెట్టుకోవడానికి కాదు. దేవుడి గద్దె పైన గొలుసులతో వేలాడదీయడానికి. తల పైన ఉండాలి, పడకూడదు. అతడికి తెలిసినది అదే కదా!

ఇద్దరూ కుంపటికి చెరో పక్క కూర్చున్నారు. మధ్యలో నేల మీద బూడిద పరిచి గుడిలా వేలితో బొమ్మ గీశాడు. గుండ్రని పట్టీ, దాని పైన నాలుగు గొలుసులు, కింది అంచుకు జారే చుక్కలు. ముప్పమ ఎదుటి పక్క నుంచి చూసింది. ఆమెకు బొమ్మ తలకిందులుగా కనిపించింది. చుక్కలు శిఖరాల్లా పైకి నిలబడ్డాయి, గొలుసులు జడకుచ్చుల్లా అమ్మవారి భుజాల మీదికి దిగాయి.

"నాయినా, ఉపాయం తెలిసింది! నాలుగు దిక్కుల నాలుగు గొలుసులు దిగితే ఆ బరువుకు కిరీటం జారదు!"

బైరోజుకు కూడా అది నచ్చింది. ఇంత తెలివి ఇన్నాళ్ళూ మనకెందుకు రాలేదని తన నెత్తిన తానే మొట్టికాయ వేసుకున్నాడు.

ఆ ఇరవై రోజులు వాళ్ళ ముగ్గురి చేతులూ ఆగలేదు. గుడిలా తన చిన్న సానచక్రం మీద రాళ్ళు పలుచగా కోశాడు. బైరోజు తడిమి తడిమి గోడలు సరిగా నిలబడ్డాయో లేదో చెప్పేవాడు. వేలి కొసకు వెంట్రుకంత వంకర తగిలినా, "ఈ ఇంటి గోడ పడిపోతది, మళ్ళ కట్టు," అనేవాడు. గొలుసులు మాత్రం ముప్పమవే. ఒక్కో కొలికిలోంచి మరో కొలికి దూర్చి, పాము వెన్నులా అల్లింది. గుడిలా వాటిని పట్టి లాగి, తన బరువంతా వేసి ఊగి చూశాడు. తెగలేదు. "మా దేశం గొలుసు ఇట్ల లేదు," అని అతడు ఒప్పుకున్నాడు.

ఒకరోజు అతడు మరో సంగతి చెప్పాడు. తన దేశంలో కిరీటం అంచుకు చేయించిన రాజు పేరు ఒక్కో అక్షరంగా బంగారంతో పోసి వేలాడదీస్తారట. ముప్పమ నవ్వింది. "మా తాన దొర పేరు వేలాడదీస్తే దొరనే వేలాడదీసినట్టుంటది. వద్దన్నా." దొర పేరుకు బదులు బంగారం ఇచ్చిన పందొమ్మిది ఇళ్ళకు పందొమ్మిది రాతి చుక్కలు కట్టింది. ఆ చుక్కలకు కొక్కేలు పెడుతున్నప్పుడు మాత్రం ఆమెకు అనుమానం వచ్చింది. నిలబడే శిఖరానికి కొక్కెం ఎందుకు? అడిగితే గుడిలా చేయి పైకెత్తి, "తలమీద, తలమీద," అన్నాడు. సరే, వాళ్ళ పద్ధతి ఏదో అనుకుని ఊరుకుంది.

మాఘ పున్నమి ఉదయం గుట్ట మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ప్రోలనాయకుడు ముందుగానే ఏర్పాటు చేయించాడు. బైరోజు ఇంటి కుంపటిని నిప్పుతో సహా మోయించి గుడి ముందు పెట్టించాడు. దాని పక్కనే నిండా నీళ్ళతో కుండ. కుండ మోసినవాడు కూడా చూపు మరల్చుకునే నిలబడ్డాడట. బైరోజు ఈదమ్మ చేయి పట్టుకుని నిలబడ్డాడు. ముప్పమ పళ్ళెంలో కిరీటం తెచ్చి గద్దె దగ్గరకు వెళ్ళింది. రెండు చేతులా ఎత్తి అమ్మవారి నెత్తిన పెట్టబోయింది.

"ఊహూఁ!" అన్నాడు గుడిలా. కిరీటం లాక్కున్నంత పని చేశాడు. "తలమీద!"

"తలమీదనే పెడుతున్న గదన్నా!"

"కాదు. తలమీద!" అతడు స్తంభం పట్టుకుని పైకి పాకాడు. భుజం మీది గద్ద బిళ్ళను విప్పి, నాలుగు గొలుసుల కొసలనూ దానికి తగిలించి, ఆ బిళ్ళను, దీపం వేలాడదీయడానికి దూలానికి కొట్టిన ఇనుప కొక్కేనికి వేశాడు. చేయి వదిలాడు. చుక్కలు గలగలమని కిందికి జారాయి. కిరీటం అమ్మ నెత్తికి జానెడు పైన గాలిలో నిలిచింది.

ముప్పమకు బూడిదలోని బొమ్మ ఒక్కసారిగా సరైన వైపు నుంచి కనిపించింది. కొక్కేలు ఎందుకో తెలిసింది. ఇరవై రోజులు తాను దాన్ని తలకిందులుగా చూశానని తెలిసింది.

"ఏందే ఇది?" ప్రోలనాయకుడి గొంతు గుట్టంతా వినిపించింది. "తలమీద పెట్టమంటే చూరుకు ఉట్టి కట్టినట్టు కట్టిన్రా? ఆటలా? పొయ్యండిరా నీళ్ళు!"

కుండ లేచింది. బైరోజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆగుండ్రి," అంది ముప్పమ. "దొరా, ఒక్కటడుగుత. మీ కలల అమ్మ ఏమన్నది? మీ మాట కాదు, అమ్మ మాట చెప్పుండ్రి."

"ఊరందరికీ తెలిసిందే గద! నా తలమీద పైడి ఏదిరా అన్నది."

"నెత్తిన పెట్టమన్నదా?"

"అంటే అదే గద!"

"ఎట్లయితది? నెత్తిన అన్నదా, తలమీద అన్నదా?"

"తలమీద అన్నది."

"మరి మీ తలమీద ఇప్పుడేమున్నది దొరా?"

"పాగ ఉన్నది."

"పాగ మీద?"

నాయకుడు పైకి చూశాడు. జనం పైకి చూశారు. కప్పు, దాని సందుల్లోంచి ఆకాశం.

"ఆకాశమున్నది," అంది ముప్పమ. "పుట్టినకాడికెల్లి అందరి తలమీద ఉన్నది. ఎవ్వరైనా నెత్తిన పెట్టుకున్నరా? ఒక్కనాడన్న జారి పడిందా? రెండేండ్లు మనమే అమ్మ మాట తప్పు విని, అమ్మ నెత్తిన బరువు పెట్టినం. ఆమె దించేసింది. మా నాయిన బంగారం ఏం తప్పు చేసింది? వాగు పొంగినా కదలని తల్లికి బోర్లించిన గిన్నె కావాల్నా?"

ఈదమ్మ డప్పువాళ్ళ వైపు తిరిగింది. "చూస్తరేందిరా? కొట్టుండ్రి! పడితే పడుతది, నిలిస్తే నిలుస్తది. మాటలెందుకు?"

డప్పులు మోగాయి. మూడో దెబ్బ పడింది. కిరీటం ఊగింది. పదో దెబ్బ, నూరో దెబ్బ. డప్పు ఎంత పెరిగితే కిరీటం అంత ఊగింది, చుక్కలు అంత గలగలలాడాయి. పడలేదు. అప్పుడే తూర్పు గుట్టల మీదికి లేచిన ఎండ స్తంభాల మధ్య నుంచి లోపలికి వచ్చింది. గదుల్లోని రాళ్ళన్నీ ఒక్కసారి రాజుకున్నాయి. పందొమ్మిది చుక్కల్లోంచి ఎర్రని వెలుగు జారి బోడి నెత్తి మీద కుంకుమ బొట్లుగా పడింది. అమ్మవారి నెత్తి మీద ఆ ఎరుపు కదిలింది.

రాళ్ళు కడిగే తల్లులు తమ తమ చుక్కను చూసుకుని హోరున ఏడ్చారు. "తలపైడమ్మా!" అని మొదట పిలిచింది వాళ్ళే. తలపైన పైడి గల అమ్మ. ఆ పేరే నిలిచింది.

ప్రోలనాయకుడు చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు. మెడ నొప్పి పుట్టి కిందికి చూసినప్పుడు ఎదురుగా బైరోజు ఉన్నాడు. కుండ తానే తీసుకున్నాడు. నాయకుడు వంగి ఆ నీళ్ళతో ముసలి ఔసలి కాళ్ళు కడిగాడు. మిగిలిన నీళ్ళు జనానికి తీర్థంగా పంచారు. కుంపటి మండుతూనే ఇంటికి తిరిగి వెళ్ళింది.

"నేను తప్పు విన్న, గుడిలన్న తప్పు విన్నడు. అమ్మ మాత్రం సరిగ్గనే చెప్పింది," అని ముప్పమ బతికినన్నాళ్ళూ చెప్పేదట.

గుడిలా ఆ ఎండాకాలం దాకా ఉండి, పెరికెల బారు వెంట రేవుకు వెళ్ళిపోయాడు. గద్ద బిళ్ళను వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. దూలాన్ని చూపించి, "పడొద్దు," అన్నాడు. ఉత్తరీయానికి పెట్టుకొమ్మని ముప్పమ ఒక బంగారు కొక్కెం చేసి ఇచ్చింది. అది ఇప్పుడు ఏ దేశంలో ఉందో అమ్మకే తెలియాలి. బిళ్ళ మాత్రం ఇక్కడే ఉంది. పండితులు దాన్ని గరుత్మంతుడంటారు, గోతులపాడు వాళ్ళు గద్ద అంటారు. రెండిటికీ రెక్కలే కాబట్టి తగవు లేదు.

తగవున్నది మరో విషయంలో. ఈ కిరీటం చేసింది పరదేశి అని కొందరు, ముప్పమ అని కొందరు ఇప్పటికీ మెట్ల మీద వాదించుకుంటారు. వారికి మా మనవి ఒక్కటే. రాయి కోసిన చెయ్యి గుడిలాది. గోడ చూసిన వేలు బైరోజుది. మరి ఇన్ని తరాలుగా కిరీటం పడకుండా మోస్తున్నవి ఏమిటి? గొలుసులు. అవి ఎవరివో పైన రాశాం.

ప్రతి మాఘ పున్నమి ఉదయం, నాటి కుంపటి నుంచి ఆరకుండా వస్తున్న నిప్పును బైరోజు వంశపు ఆడపడుచు గుడి ముందుకు తెస్తుంది. ఆ వంశంలో కుంపటి కూతుళ్ళకే చెందుతుంది. ప్రోలనాయకుడి వంశంవారు నీళ్ళకుండతో ఎదురుగా నిలబడి, "ఆర్పమంటవా?" అని అడుగుతారు. ఆమె నడుమున చేయి వేసుకుని, "తలమీద ఏమున్నదో చూసి మాట్లాడు!" అంటుంది. వచ్చిన వేలమంది ఒక్కసారి తలలెత్తి పైకి చూస్తారు. డప్పులు మోగుతాయి, కిరీటం ఊగుతుంది, నవ్వులు గుట్ట దిగి వాగుదాకా వినిపిస్తాయి. కుండలోని నీళ్ళు మొదట ఆ ఆడపడుచు కాళ్ళకు, తర్వాత అందరి దోసిళ్ళకు చేరతాయి. కుంపటి మీద ఇంతవరకు ఒక్క చుక్క పడలేదు.

చేయని తప్పుకు నింద మోస్తున్నవారు తలపైడమ్మ గద్దెకు తల ఆనిస్తే ఆ నింద దిగిపోతుందని, చేతిపనివారి చేయి తిరుగుతుందని, మాట పెగలనివారికి నలుగురిలో నోరు లేస్తుందని పెద్దల నమ్మకం. ఆడపిల్లలను ఇక్కడికి తప్పక తీసుకురావాలి. వాగులోని దానిమ్మరాళ్ళను చూడవచ్చు, కడగవచ్చు, ఎండకు పట్టి మురిసిపోవచ్చు. వెళ్ళేటప్పుడు తిరిగి వాగులోనే వదలాలి.

దూరం నుంచి వచ్చినవారు బసకు బెంగపడనక్కర లేదు. గోతులపాడులో ఎవరైనా ఆపి, "ఎక్కడ దిగిన్రు?" అని అడిగితే, "గుడిల" అని చెప్పండి. ఇంకో ప్రశ్న అడగరు. జొన్నరొట్టె పెడతారు. తొక్కు మాత్రం కొంచెం కొంచెంగా నంజుకోండి.